చిట్టా మూసి కంప్యూటర్ తెరిచేముందు: మనుషులు చెదరకుండా ఆఫీసును డిజిటల్‌కు మార్చే పద్ధతి

2022 జులై 18న, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోలకు మించిన సంచికి ఆ పన్ను లేదు. అంతే, చాలా మిల్లుల్లో 25 కిలోల సంచి కాస్తా 26 కిలోల సంచి అయింది. మా మిల్లులోనూ అదే జరిగింది. సంచి కుట్టేవాళ్లు, కాటా దగ్గర కుర్రాడు, లారీకెత్తే హమాలీలు, బిల్లు రాసే గుమాస్తా, అందరూ వారంలో అలవాటుపడ్డారు. ఎవరికీ ట్రైనింగ్ ఇవ్వలేదు. మీటింగ్ కూడా పెట్టలేదు.

అదే మనుషులు మూడేళ్ల ముందు, 2019లో, నేను ముచ్చటపడి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌ను మూడు వారాల్లో మూలన పడేశారు. "వీళ్లకు మార్పంటే పడదు" అని అప్పట్లో కనపడిన వాళ్లందరికీ చెప్పాను. 26 కిలోల సంచిని చూశాక ఆ మాట అనడానికి నోరు రాలేదు. సంచి మారినందువల్ల ఎవరి విలువా తగ్గలేదు, ఎందుకు మారుతోందో హమాలీ దాకా అందరికీ తెలుసు. నా సాఫ్ట్‌వేర్ ఎందుకొచ్చిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అది వస్తే తమకు ఏం పోతుందో మాత్రం అందరికీ తెలుసు.

మా మిల్లు నెల్లూరు దగ్గర, పెన్నకు ఆవలి గట్టున, కోవూరు వైపు. రెండోసారి, 2022లో, పద్ధతి మార్చి మొదలుపెట్టాను. ఈసారి నిలబడింది. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. పది నుంచి అరవై మంది పనిచేసే ఏ చోటికైనా ఇది సరిపోతుంది: రొయ్యల మేత డీలరు కొట్టు, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు, ఆస్పత్రి కౌంటరు, చిట్‌ఫండ్ బ్రాంచి. అయిదువందల మంది ఉన్న కంపెనీ అయితే వేరే లెక్క, అది నాకు తెలిసిన పని కాదు.

మొదటి అడుగు: డెమో కంటే ముందు స్టూలు

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసేముందు, ఎవరి పని మారబోతోందో ఆ మనిషి పక్కన స్టూలు వేసుకుని పదిరోజులు కూర్చోండి. సలహాలివ్వొద్దు. "ఇది ఇట్లా ఎందుకు రాశారు?" అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడగండి. అదీ పని తెరిపిచ్చినప్పుడే.

2019లో నేను ఈ పని చేయలేదు. హైదరాబాద్‌లో పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చేసొచ్చాను, ఒక మిల్లు లెక్క నాకు తెలియకపోతుందా అనుకున్నాను. మొదటిరోజే కొంప మునిగింది. నెల్లూరు రైతు వడ్లు పుట్టి లెక్కన అమ్ముతాడు. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది క్వింటా ఒక్కటే. 2025-26 ధరలో చెప్పాలంటే, ఆ ఏడాదికి సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు. ఈ గుణకారం మా గుమాస్తా మామ కాగితం లేకుండా చేస్తాడు. తర్వాత నెమ్ము చూసి తరుగు కడతాడు. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు, బయటి బేరంలో ఎవరి లెక్క వాళ్లది. గోతాం బరువు తీసేస్తాడు, హమాలీ కూలి ఎవరి ఖాతాలో పడాలో చూస్తాడు. ఇదంతా ఆయన చిట్టాలో ఒక్క వరుస. సాఫ్ట్‌వేర్‌లో అదే వరుసకు ఏడు తెరలు. గేటు బయట ట్రాక్టర్లు ఆగిపోయాయి.

"ఏం మామా, ఇంత ఆలస్యం ఎందుకవుతోంది?" అని గట్టిగానే అడిగాను.

"రైతు పుట్టి లెక్కన మాట్లాడినాడు పాపా. నీ కంప్యూటరేమో క్వింటా అడగతా ఉండాది. మధ్యలో నేనేం చేసేది?" అన్నాడు.

ఆయన తప్పు పట్టింది కంప్యూటర్‌ను కాదు, నన్ను. అది అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పదిరోజుల్లో మీరు రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ మనిషి నోటిలెక్కగా చేసేసేవి ఏవి? రోజులో ఎవరెవరు వచ్చి ఏమడిగి పోతున్నారు? రద్దీ ఏ గంటలో? పుస్తకం అంచున పెట్టే గుర్తులేమిటి? మా మామ కొందరు రైతుల పేర్ల పక్కన చిన్న చుక్క పెట్టేవాడు. ఆ రైతు ఇంట్లో పెళ్లో ఆస్పత్రి ఖర్చో ఉంది, డబ్బు అదేరోజు ఇవ్వాలి అని దానర్థం. ముప్ఫై ఏళ్లుగా మా మిల్లుకు రైతులు తిరిగి రావడానికి ఆ చుక్క కూడా ఒక కారణమే. మీరు కొనబోయే సాఫ్ట్‌వేర్‌లో అట్లాంటి చుక్కకు చోటుందా? ముందు అది అడగండి. రేటు తర్వాత మాట్లాడవచ్చు.

రెండో అడుగు: ఎవరికి ఏం పోతుందో రాయండి

అమెరికాకు చెందిన విలియం బ్రిడ్జెస్ అనే ఆయన మార్పును రెండుగా విడదీసి చెప్పాడు. బయట జరిగేది ఒకటి: కొత్త యంత్రం, కొత్త పద్ధతి, కొత్త బాస్. మనిషి లోపల జరిగేది ఇంకొకటి. బయటిది ఒక తేదీన మొదలవుతుంది. లోపలిది, ఉన్నదేదో పోయింది అన్న దగ్గర మొదలవుతుంది. మన ఆఫీసుల్లో బయటిదానికి బడ్జెట్ ఉంటుంది, లోపలిదాన్ని తలచుకునేవాళ్లే ఉండరు.

ఒక నోటుబుక్ తీసుకుని మూడు గళ్లు గీయండి. ఒకదాంట్లో మనిషి. రెండోదాంట్లో ఆ మనిషికి పోయేది. మూడోదాంట్లో దానికి బదులు మీరు ఇవ్వగలిగింది. ఈ పుస్తకం ఎవరికీ చూపించకండి.

మా పుస్తకంలో రాసిన కొన్ని చెప్తాను. గుమాస్తా మామకు పోయేది జీతం కాదు. ఏ రైతుకు ఎంత బాకీ ఉందో చెప్పగలిగిన ఏకైక మనిషి ఆయన, మా నాన్న కూడా ఆయన్నే అడగాలి. తెర మీద ఎవరు నొక్కినా ఆ లెక్క కనపడే రోజున, ఆ కుర్చీ విలువ సగం పోతుంది. కాటా దగ్గర కుర్రాడికి పోయేది వేరే. ఏ ట్రాక్టర్ ముందు పోవాలో వాడి చేతిలో ఉండేది, దాంతో రోజూ టీ ఖర్చు, అప్పుడప్పుడూ అంతకంటే ఎక్కువ వచ్చేది. టోకెన్ యంత్రం వస్తే అది ఆగిపోతుంది. హమాలీల మేస్త్రీ ఎన్ని గోతాలంటే అన్ని. ఇకమీదట ఆయన మాటకు పక్కన ఇంకో లెక్క నిలబడుతుంది. క్యాషియర్ పెట్టెలోంచి పనివాళ్లకు అయిదొందలు, వెయ్యి చేబదులిచ్చి శనివారం పట్టుకునేవాడు, తప్పో ఒప్పో అది అందరికీ ఆసరా. రోజువారీ నగదు సరిపోల్చే సాఫ్ట్‌వేర్ దాన్ని మొదటిరోజే ఎర్రరంగులో చూపిస్తుంది.

చివరి పేరు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. మా నాన్న. ఆయన ఫోన్లో "ఫలానా వాళ్లకు పది రూపాయలు తగ్గించి రాయి" అంటే అయిపోయేది. ఇక కారణం రాయకుండా రేటు మారదు. 2019లో సాఫ్ట్‌వేర్‌ను నిజంగా చంపింది గుమాస్తా అనుకున్నాను. కానీ మా నాన్న మూడోరోజు నుంచే పాత పద్ధతిలో ఫోన్లు చేస్తున్నారు, మామ వాటిని చిట్టాలో రాసుకుంటున్నాడు. యజమానే తొక్కని దారిలో గుమాస్తా నడుస్తాడా?

మూడో గడి నింపడం కష్టం. అన్నిటికీ బదులు ఉండదు. కాటా కుర్రాడి పైడబ్బు మేం తిరిగివ్వలేం, ఇవ్వకూడదు కూడా. ఆ మాట వాడితో సూటిగా అని, జీతం కొంత పెంచాం. క్యాషియర్ చేబదుళ్లను "వారపు అడ్వాన్స్" అని సాఫ్ట్‌వేర్‌లోనే ఒక ఖాతా చేశాం, మనిషికి ఒక హద్దు పెట్టి. పద్ధతి పోలేదు, దొంగచాటు పోయింది. గుమాస్తా మామకు ఇచ్చింది అన్నిటికంటే పెద్దది: రేటు, తరుగు మార్చే అధికారం ఆయన లాగిన్‌కు మాత్రమే పెట్టాం. నా లాగిన్‌కూ లేదు. "పాపా, నువ్వు మార్చలేవా?" అని రెండుసార్లు అడిగి, నిజమేనని నా చేత ప్రయత్నం చేయించి చూసుకున్నాడు.

చీమకుర్తిలో ఇదే పని చేస్తే గళ్లలో పడేవి మారతాయి. బ్లాక్ గెలాక్సీ రాయి కొలిచే మనిషి టేపు ఒక్కటే చూడడు. పగులు ఎక్కడుంది, ఎంత వదిలేయాలి అన్నది ఆయన కంటికి తెలుసు. యాప్‌లో పొడవు, వెడల్పు, ఎత్తు మూడు గళ్లే పెట్టి ఆయన చేతికిస్తే, ఆ కంటికి విలువ లేదన్నట్టే. "వదిలిన కొలత, కారణం" అని ఇంకో గడి పెట్టిస్తే ఆ నేర్పు లెక్కలోకి వస్తుంది.

మూడో అడుగు: ఉద్యోగాల సంగతి ముందు చెప్పండి

కొత్త కంప్యూటర్ పెట్టె గేటు దాటకముందే టీ కొట్టు దగ్గర వార్త తయారవుతుంది: "ముగ్గుర్ని తీసేస్తారంట." మీరు చెప్పకపోతే ఆ వార్తే నిజమని అందరూ అనుకుంటారు.

అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పకండి. ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి, ఎక్కువ పోగొట్టుకునే వాళ్లతో మొదలుపెట్టి. మీటింగ్ ఆ తర్వాత. మీ చాంబర్‌లోకి పిలవొద్దు, వాళ్లు పనిచేసే చోటికే వెళ్లండి. మా దగ్గర నేను చెప్పిన మాటలు ఇంచుమించు ఇవి:

"మామా, బిల్లులు కంప్యూటర్లోకి పోతున్నాయి. అందులో కొన్ని ప్రభుత్వం అడిగేవి, కొన్ని నాకు కావాల్సినవి. ఈ పని వల్ల ఎవర్నీ తీసేయం, ఈ సంవత్సరం దాకా ఆ మాట గట్టిగా ఇస్తున్నా. ఆ తర్వాతది మిల్లు ఎట్టా నడుస్తుందో దాన్ని బట్టి, ఇప్పుడే చెప్పలేను. నీ పనిలో ఏం మారుతుందని నీకనిపిస్తోంది?"

ఇందులో ప్రభుత్వం అడిగేది, నాకు కావాల్సింది అని విడదీసి చెప్పడం ముఖ్యం. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటిన వ్యాపారాలు ఇతర వ్యాపారాలకు వేసే పన్ను బిల్లులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి. అది చట్టం, దాని మీద వాదన లేదు. కానీ కాటా దగ్గర కెమెరా నా కోరిక. నా కోరికను చట్టం పేరుతో చెప్తే, ఎవరో ఒకరి కొడుకు ఆడిటర్ దగ్గర పనిచేస్తుంటాడు, సాయంత్రానికల్లా అబద్ధం బయటపడుతుంది. ఆ తర్వాత చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నిలబెట్టుకోలేని మాట ఇవ్వకండి. "మీరందరూ మా కుటుంబమే" అనే మాట అసలొద్దు, దానికి విలువ పోయి చాలాకాలమైంది. నిజంగానే మనుషుల్ని తగ్గించాల్సి వస్తే ముందు లాయరును కలవండి. పని షరతుల్లో కొన్ని మార్పులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నుంచీ ఉంది.

ఆ చివరి ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఉండండి. మామ చాలాసేపు చిట్టా అంచు సవరించి, "అంటే ఇంక రైతులు నా కాడికి రారు" అన్నాడు. "అట్లా ఏం కాదులే" అని వెంటనే సర్దిచెప్పాలని నాలుక దురద పెట్టింది. ఆపుకున్నాను. ఆ మాట నిజం కాబట్టి.

నాలుగో అడుగు: రోజు చూసుకోండి

ముహూర్తం సంగతి మీ ఇష్టం, నేను చెప్పేది పంట లెక్క. నెల్లూరు డెల్టాలో పెద్ద పంట కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆ మధ్యలోనే మార్చి 31. అప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడం, పెళ్లిరోజు వంటింటి గోడ పడగొట్టడం లాంటిది. 2019లో నేను చేసింది అదే. సోమశిల జలాశయంలో నీళ్లుండి ఎడగారు (రెండో పంట) వేస్తే ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ సందడి. అక్టోబరు నుంచి డిసెంబరు తుపాన్ల కాలం, కరెంటునూ నెట్టునూ నమ్మలేం. మిగిలేవి జూన్, జులై. మీ వ్యాపారంలో కూడా ఇట్లా నెలలు కొట్టేసుకుంటూ పోతే ఒకటో రెండో మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు "ఈ నెలాఖరులోపు కొంటే తగ్గింపు" అంటారు. ఆ తగ్గింపు కంటే ఒక్క వారం మిల్లు ఆగితే పోయేది ఎక్కువ.

అయిదో అడుగు: ముందు ఎవరు నేర్చుకోవాలి

అందరూ చేసే పని, కుర్రవాళ్లలో ఒకణ్ణి పట్టుకుని నేర్పడం. వాడు రెండు రోజుల్లో నేర్చేసుకుంటాడు. పెద్దవాళ్లు "వాడి పని అది" అని పక్కకు జరుగుతారు. వాడు బెంగళూరు పోయిన రోజున మీ డిజిటల్ ఆఫీసు కూడా వాడితోనే పోతుంది.

అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న రైతులు హైబ్రిడ్ విత్తనానికి ఎట్లా మారారో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశీలించి 1943లో రాశారు. విత్తనం గురించి చాలామందికి మొదట చెప్పింది కంపెనీ ఏజెంట్లు, కానీ వేసేలా చేసింది పక్క చేలో రైతు. మన దగ్గర కొత్త వరి రకం వ్యాపించిన తీరు గుర్తున్న వాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. గట్టు మీద నిలబడి పక్క చేను చూసిన తర్వాతే కదా విత్తనం అడిగేది.

ఆఫీసులో ఆ పక్క చేను ఎవరు? బాగా తెలివైన వాడూ కాదు, బాగా మొండివాడూ కాదు. నలుగురూ భోజనం క్యారియర్ తెరిచేటప్పుడు ఎవరి పక్కన కూర్చుంటారో ఆ మనిషి. మా దగ్గర ఆమె స్టోరు చూసే నలభై ఏళ్ల అక్క. పదో తరగతి దాకా చదివింది, ఫోన్లో పాటలు పెట్టుకోవడం తప్ప కంప్యూటర్ ముట్టుకోలేదు. ఆమె గోతాల నిల్వ తెర మీద ఎక్కించిన రోజున మిగతావాళ్ల ముఖాలు చూడాలి. "అక్కే చేసిందంటే..." అని మధ్యలో ఆపేశారు, అంతవరకు చాలు.

ఆరో అడుగు: నేర్పేటప్పుడు అడ్డు తీయండి, తొయ్యకండి

జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మాట పట్టుకున్నాడు. మార్పు జరగనప్పుడు మనం తోసే బలం పెంచుతాం, దాంతో టెన్షన్ పెరుగుతుంది. అడ్డుగా ఉన్నదాన్ని తీస్తే అంత తొయ్యనక్కర్లేదు.

మా మామ విషయంలో ఆ అడ్డు ఏమిటో తెలుసా? కళ్లజోడు. ఆయనకు దగ్గరి చూపు తగ్గింది. చిట్టా అయితే చేయి చాచి దూరంగా పట్టుకుంటాడు, తెరను అట్లా పట్టుకోలేడు కదా. అందరిముందూ ముందుకు వంగి తడుముకోవడం నామోషీ అనిపించి "నాకు ఇయ్యన్నీ రావు" అనేసేవాడు. నేను దాన్ని మొండితనం అనుకున్నాను. నెల్లూరులో కంటి డాక్టరుకు చూపించి జోడు వేయించాం, తెర మీద అక్షరాలు పెద్దవి చేశాం. సగం "మొండితనం" అక్కడే పోయింది. నలభై అయిదు దాటిన వాళ్లున్న ప్రతి ఆఫీసులో ట్రైనింగ్‌కంటే ముందు కంటి పరీక్ష పెట్టించండి, ఒక్కరికే పెడితే వేలెత్తి చూపినట్టుంటుంది.

మిగతావి గబగబా చెప్తాను. రోజుకు ఇరవై నిమిషాలకు మించొద్దు, ఉదయం పని మొదలవకముందు. తెర మీది పేర్లు తెలుగులో పెట్టించండి, అదీ మీ మిల్లు తెలుగులో: "కొనుగోలు ఆదేశం" అంటే ఎవరికీ తెలియదు, "వడ్ల రసీదు" అంటే తెలుస్తుంది. కల్పించిన ఉదాహరణలతో నేర్పొద్దు, పోయిన సంవత్సరం అసలు రసీదులే ఎక్కించమనండి, జవాబు సరిపోయిందో లేదో చిట్టాలో వాళ్లే చూసుకుంటారు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ల చేతిలోంచి మౌస్ లాక్కోవద్దు. నాకు ఇది చాలా కష్టమైంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం అలవాటు చేసుకున్నాను.

ఏడో అడుగు: రెండు లెక్కలు, ఒక గడువు

కొంతకాలం చిట్టా, కంప్యూటర్ రెండూ నడవాలి. ఇది తప్పదు, కానీ మనుషులు విసిగిపోయేదీ ఇక్కడే. ఒకే పని రెండుసార్లు చేయిస్తూ జీతం ఒకటే ఇస్తే, మీ ప్రేమ ఎంతో వాళ్లకు తెలిసిపోతుంది. ఆ రోజులకు అదనంగా చెల్లించండి. మేం ఆరు వారాలు పెట్టుకున్నాం, అదనపు గంటకు లెక్కకట్టి శనివారం చేతికిచ్చాం. గడువు తేదీ గోడ మీద రాశాం. గడువు రాయకపోతే రెండు లెక్కలు రెండేళ్లు నడుస్తాయి. అట్లా నడుస్తున్న ఆఫీసులు నెల్లూరులో నేను చూశాను.

రోజూ సాయంత్రం రెండు మొత్తాలు పక్కపక్కన పెట్టి చూస్తాం. తేడా వస్తే ఎవరు చేశారని అడగం, ఎక్కడ వచ్చిందని అడుగుతాం. మొదటి రెండు వారాల్లో వచ్చిన తేడాల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్‌వే. గోతాం బరువును అది రెండుసార్లు తీసేస్తోంది. పట్టుకున్నది మామ. సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు ఫోన్లో ఒప్పుకోలేదు. నేను స్పీకర్ పెట్టి ఫోన్ మామ చేతికిచ్చాను. ఆయన ఒక్కొక్క రసీదు నంబరు చదువుతూ పావుగంట వాయించాడు. అవతల నుంచి "సారీ సార్, మీరు చెప్పిందే కరెక్ట్" అని వినపడేసరికి ఆఫీసంతా నవ్వింది. నా దృష్టిలో మా మిల్లు డిజిటల్ అయింది ఆ పూటే, మిగిలిందంతా టైపింగ్.

ఇక ఎవరూ పైకి మాట్లాడని విషయం. పాత పుస్తకాల్లోంచి బాకీలు, నిల్వలు కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పాత తేడాలు బయటపడతాయి. ఎప్పుడో సర్దిన లెక్క, తిరిగిరాని అడ్వాన్స్, లెక్క తేలని గోతాలు. మీ వాళ్లు కంప్యూటర్‌కు దూరంగా జరగడానికి అసలు కారణం చాలాచోట్ల ఇదే. దొంగతనం చేసి కాదు. ముప్ఫై ఏళ్ల పనిలో సర్దుబాటు చేయని మనిషి ఉంటాడా? అవన్నీ ఒక్కసారి తెర మీదకొస్తే తనను దొంగలా చూస్తారేమోనన్న భయం.

అందుకని ఎక్కించడం మొదలుకాకముందే, యజమాని నోటితో, అందరి ముందూ ఒక మాట చెప్పించండి. మా నాన్న చెప్పింది ఇది: "ఈ రోజుదాకా తేడా ఏదన్నా ఉంటే అది మిల్లు ఖాతాలో. పాత లెక్క తవ్వేది లేదు. రేపటి నుంచి ఎవరి లెక్క వాళ్లది." మర్నాడు స్టోరు అక్క వచ్చి నలభై దాకా గోతాలు నిల్వలో తక్కువున్నాయని తనంతట తనే చెప్పింది. ఎలుకలు కొట్టినవి, చిరిగినవి, ఎవరో పట్టుకెళ్లినవి. నాలుగేళ్లుగా ప్రతి లెక్కలో వాటిని మోస్తూ వస్తోంది పాపం. ఈ మాట ఇచ్చి తర్వాత తప్పితే మాత్రం మీ దగ్గర ఇంకెవరూ ఏదీ చెప్పరు. పెద్ద మోసం జరిగిందని ముందే గట్టి అనుమానం ఉంటే, ఆ సంగతి విడిగా తేల్చుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి.

ఎనిమిదో అడుగు: నీరసం వచ్చే వారాలు

మూడో వారం నుంచి అయిదో వారం దాకా అంతా వెనక్కి పోతున్నట్టుంటుంది. కొత్తదనం పోయింది, అలవాటు రాలేదు. పాతదానికంటే ఆలస్యంగా నడుస్తుంది. కరెక్టుగా అప్పుడే ఎవరో ఒకరు సెలవు పెడతారు. ఆ రోజుల్లో నేను చేసినవి రెండే. రద్దీ గంటలో నేనే కాటా పక్కన కూర్చుని టోకెన్లు కొట్టాను, ఆలస్యానికి రైతుల చేత మాటలు నేనే పడ్డాను. రెండోది, మా నాన్న ఫోన్ బేరాలు. "నాన్నా, ఆ రేటు మార్చాలంటే మామను అడగండి, కారణం చెప్పండి" అన్నాను. నాలుగురోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అయిదోరోజు ఆఫీసుకొచ్చి, "ఏమయ్యా, వాళ్లకు కాస్త తగ్గించాలి, పాత బాకీ మొత్తం కట్టేశాడు, ఆ కారణం రాసుకో" అన్నారు. మామ తెర వైపు చూస్తూ, తల ఎత్తకుండా, "సరే అయ్యా, ఎక్కిస్తున్నా" అన్నాడు.

వేలిముద్ర హాజరు గురించి ఒక్క మాట. హమాలీల వేళ్లు గోతాలకు అరిగిపోయి ఉంటాయి, యంత్రం చాలాసార్లు గుర్తుపట్టదు. పొద్దున్నే పదిమంది ముందు "మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు" అనిపించుకోవడం ఎంత చిన్నతనమో ఆలోచించండి. మేం కార్డు పెట్టాం. వ్యక్తుల సమాచారం వాళ్ల సమ్మతి అడిగి తీసుకునేటప్పుడు ఎందుకో చెప్పాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అంటోంది. కెమెరాలు పెడితే ఎక్కడెక్కడ పెట్టారో, రికార్డు ఎవరు చూస్తారో కాగితం మీద రాసి గోడకు అంటించండి.

తొమ్మిదో అడుగు: కుదరని మనిషి

అన్నీ చేసినా ఒకరిద్దరికి కుదరదు. మా క్యాషియర్ ఆరు వారాలు నిజంగా ప్రయత్నించాడు, రాలేదు. దాన్ని ఆయన మొహం మీదే ఒప్పుకోవడం నాకంటే ఆయనకే తేలికైంది. పాత బాకీలు వసూలు చేసే పనికి మార్చాం, జీతం తగ్గించలేదు. బండేసుకుని అల్లూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు తిరిగి రైతులతో, కొట్లవాళ్లతో మాట్లాడి వస్తాడు. ఆ పనిలో ఆయన ముందుకంటే బాగున్నాడు. ప్రతిసారీ ఇట్లా చోటు దొరకదు. దొరకనప్పుడు ఇవ్వాల్సిన బకాయిలన్నీ ఒకేసారి ఇచ్చి, కారణం నలుగురిలో తప్పుగా పోకుండా చూసి పంపండి. మిగిలినవాళ్లు అది గమనిస్తూ ఉంటారు, తమ వంతు ఎట్లా ఉంటుందోనని.

పదో అడుగు: కాగితం పుస్తకం ఒకటి ఉంచండి

2021 నవంబరులో పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది. మా ఆఫీసులోకి మోకాలిలోతు నీళ్లు వచ్చాయి. అప్పటికి మూలన పడున్న నా 2019 కంప్యూటర్ నేలమీదే ఉండి నీళ్లు తాగింది. మామ మాత్రం ముందురోజు సాయంత్రమే, ఎవరూ చెప్పకుండా, చిట్టాలన్నీ మూటగట్టి అటక మీదకు చేర్చాడు.

అందుకని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ లెక్క రోజూ రెండుచోట్లకు కాపీ అవుతుంది, అందులో ఒకటి మిల్లులో ఉండదు. దాంతోపాటు నంబర్లు వేసిన రసీదు పుస్తకం ఒకటి బీరువాలో ఉంటుంది. నెట్టు గానీ కరెంటు గానీ అరగంట దాటి లేకపోతే పుస్తకం బయటికి తీయాలి. ఆ అరగంట దాటిందని చెప్పాల్సింది మామ, నేను కాదు. తీసిన దగ్గర నుంచి అమ్మకం, కొనుగోలు ఆయన చేతిరాతతోనే నడుస్తాయి. నెట్టు వచ్చాక అదేరోజు స్టోరు అక్క చదువుతుంటే ఆయన ఎక్కిస్తాడు, ఎక్కించిన ప్రతి రసీదు మీద ఎర్ర గీత కొడతాడు. మూడు నెలలకోసారి, అంతా బాగున్నప్పుడే, గంటసేపు నెట్టు తీసేసి అలవాటు చేస్తాం.

పోయినసారి అట్లా తీసినప్పుడు గేటు దగ్గర నాలుగు ట్రాక్టర్లున్నాయి. కాటా కుర్రాడు కంగారుపడి లోపలికి పరిగెత్తుకొచ్చాడు. మామ కొత్త జోడు నుదుటి మీదకు తోసుకుని, బీరువా తాళం తీస్తూ, "ఎందుకురా అంత ఉరుకు? ఏ ఊరి బండో కనుక్కో ముందు" అన్నాడు.